తల ఎందుకు పెద్దదైపోతుంది?

(మనిషి బొమ్మ కొలతల గురించి ఒక వారాంతపు డ్రాయింగ్ శిబిరంలో చేసిన ప్రసంగం. మాట్లాడిన తీరు మార్చకుండా రాసుకున్నది.)

అందరికీ నమస్కారం. వెనకాల నిలబడ్డవాళ్లు ముందుకి రండి, కింద చాపల మీద చోటు ఉంది. పెద్దవాళ్లకి ఆ గోడ పక్కన కుర్చీలున్నాయి.

పొద్దున మీరు వేసిన బొమ్మలన్నీ ఇటు గోడకి అంటించాం. పేర్లు వెనక వైపు ఉన్నాయి, కాబట్టి ఎవరూ టెన్షన్ పడక్కర్లేదు. ఒకసారి ఆ చివర నుంచి ఈ చివర దాకా చూడండి. గీత చక్కగా పడినవి ఉన్నాయి. షేడింగ్ నాకే అసూయ పుట్టేలా చేసినవి ఉన్నాయి. పదేళ్ల పాప వేసిందీ ఉంది, ఉద్యోగంలో రిటైరయ్యాక పెన్సిల్ పట్టిన పెద్దాయన వేసిందీ ఉంది. అయినా దాదాపు అన్నిట్లోనూ ఒకే తేడా. తల పెద్దది. కాళ్లు పొట్టి. అరచేతులూ పాదాలూ చిన్నవి. కళ్లు నుదుటి మీదకి ఎక్కేశాయి.

చెయ్యి తిరగక ఇలా వచ్చిందని మీరనుకోవచ్చు. నేను ఒప్పుకోను. చెయ్యి తిరగకపోతే ఒకరికి తల పెద్దదవ్వాలి, పక్కవాళ్లకి చిన్నదవ్వాలి. అందరికీ పెద్దదే అయిందంటే దానికి వేరే కారణం ఉండాలి.

మనం ఒకరిని చూసేటప్పుడు నిజానికి వాళ్ల మొహమే చూస్తాం. కోపంగా ఉన్నాడా, నవ్వుతున్నాడా, మనవైపు చూస్తున్నాడా అన్నదే మనకి కావాలి. మోకాలు ఎక్కడుందో ఎవరికి పట్టింది? మనసు దేన్ని ఎక్కువ పట్టించుకుంటే చెయ్యి కాగితం మీద దానికి ఎక్కువ చోటిస్తుంది. మొహంలో కూడా అంతే. కళ్లు, ముక్కు, నోరు చూస్తాం గానీ నుదురునీ నడినెత్తినీ చూసేదెవరు? అందుకే పుర్రె పైభాగం కోసేసినట్టు వస్తుంది. నిజానికి పెద్దవాళ్లలో నడినెత్తికీ గడ్డానికీ సరిగ్గా మధ్యలో ఉంటాయి కళ్లు. నమ్మకపోతే పక్కవాళ్ల తల మీద స్కేలు పెట్టి చూడండి. ఇప్పుడే చూడండి, మొహమాటపడకండి.

(నవ్వులు)

చూశారా. కొలతలు నేర్చుకునేది ఈ పక్షపాతాన్ని పట్టుకోడానికి. కొలతల పట్టిక బట్టీపడితే బొమ్మ వచ్చేస్తుందనుకుంటే మాత్రం రాదు. బట్టీపట్టినవాళ్ల బొమ్మలు చూశాను. అన్నీ బట్టల షాపు ముందు నిలబెట్టిన బొమ్మల్లా ఉంటాయి. ఎదురుగా ఉన్న మనిషిని ఆ మనిషితోనే కొలవాలి. ఈ పూట నేను చెప్పేదంతా దీని గురించే.

ఎవరైనా ఒకరు ఇలా రండి. నీలం చొక్కా బాబూ, నువ్వే, రా నాన్నా. చెప్పులు విప్పి గోడకి ఆనుకుని నిటారుగా నిలబడు. గడ్డం పైకెత్తకు, ఎదురుగా ఉన్న కిటికీ వైపు చూడు.

ముందు తల కొలుద్దాం. చాలామంది ఇక్కడే తప్పటడుగు వేస్తారు. టేపు తీసుకుని మొహం వంపు వెంట పైకి పోతారు. అలా వద్దు. ఒక అట్ట నడినెత్తి మీద అడ్డంగా పెట్టి జుట్టు అణిగేదాకా నొక్కండి. ఇంకో అట్ట గడ్డం కింద అడ్డంగా పెట్టండి. రెండు అట్టల మధ్య నిలువు దూరం కొలవండి. ఇరవై రెండు సెంటీమీటర్లు. ఇప్పుడు మొత్తం ఎత్తు చూద్దాం. నూట అరవై అయిదు. లెక్క చేసేవాళ్లు చెయ్యండి.

ఏడున్నర. అవును. మన బాబు ఎత్తు ఏడున్నర తలలు. మామూలు పెద్దవాళ్లలో ఎక్కువమంది ఈ చుట్టుపక్కలే ఉంటారు. కొందరు ఏడు, బాగా పొడుగువాళ్లు ఎనిమిదికి దగ్గర. మనిషి పొడుగైనంత మాత్రాన తల అదే పాళ్లలో పెద్దదైపోదు. అందుకే పొడుగువాళ్లకి తలల లెక్క ఎక్కువ వస్తుంది, పొట్టివాళ్లకి తక్కువ వస్తుంది. ఎవరైనా పొడుగ్గా కనిపించాలంటే కాగితం మీద బొమ్మ సైజు పెంచితే లాభం లేదు. తల కొంచెం తగ్గించాలి.

ఇప్పుడు పాత పేపర్లోంచి ఇరవై రెండు సెంటీమీటర్ల ముక్క కత్తిరించాను. బాబు పక్కన గోడ మీద పై నుంచి కిందకి గుర్తులు పెడుతున్నా, చూడండి. మొదటి ముక్క గడ్డం దగ్గర ఆగింది. రెండోది రొమ్ము దగ్గర, చొక్కా జేబు మధ్యకి వచ్చింది. మూడోది ఇంచుమించు బొడ్డు. నాలుగో ముక్క పెట్టేముందు ఒక ప్రశ్న. ఒంటికి సరిగ్గా సగం ఎక్కడ?

(సభలోంచి: "బొడ్డు!")

అందరూ బొడ్డే అంటారు. బొడ్డు సగం అయ్యేది అప్పుడే పుట్టిన పాపాయికి. పెద్దవాళ్లకి సగం ఇంకా కిందకి, పొత్తికడుపు చివర ముందు భాగంలో ఉండే ఎముక దగ్గర. రెండు తొడలూ కలిసే చోటుకి కొంచెం పైన. ఎనభై రెండున్నర సెంటీమీటర్లు... ఇదిగో, ఇక్కడ. మీ బొమ్మల్లో కాళ్లు పొట్టిగా రావడానికి సగం కారణం ఇదే. నడుము దగ్గర సగం అనుకుని పైభాగం అంతా తాపీగా వేస్తారు. కిందకి వచ్చేసరికి కాగితం అయిపోతుంది. పాదాలు ఇరుకుతాయి, లేదా మోకాళ్ల దగ్గరే బొమ్మ ఆగిపోతుంది. "సార్, ఇది హాఫ్ సైజ్ పోర్ట్రెయిట్" అంటారు. నాకు తెలీదా ఏంటి!

(నవ్వులు)

కాబట్టి మొహంతో మొదలుపెట్టకండి. కాగితం మీద పైన ఒక గీత, కింద ఒక గీత పెట్టండి. మనిషి ఈ రెండింటి మధ్యలో సరిపోవాలి. మధ్యలో సగం గుర్తు పెట్టండి. కింది సగాన్ని మళ్లీ సగం చేస్తే మోకాలి చిప్ప కింది అంచు వస్తుంది. ఈ నాలుగు గుర్తులు పడేదాకా కనురెప్పలు వేసినవాళ్ల దగ్గర పెన్సిల్ లాక్కుంటాను. బాబూ, వెళ్లి కూర్చో. థాంక్యూ.

ఏడున్నర అన్నాను కదా, కానీ మీలో కొందరు యూట్యూబ్‌లో ఎనిమిది అని విని ఉంటారు. రెండూ ఉన్నాయి. ఎనిమిది చాలా పాత లెక్క. క్రీస్తుకి ముందు మొదటి శతాబ్దంలో విట్రూవియస్ అనే రోమన్ వాస్తుశిల్పి రాసిపెట్టాడు, తల మొత్తం ఎత్తులో ఎనిమిదో వంతు అని. అంతకు ముందు గ్రీకు శిల్పుల్లో పాలిక్లైటస్ మనుషులు కాస్త దిట్టంగా ఉండేవారు. తర్వాతి శతాబ్దంలో లైసిప్పస్ తల చిన్నది చేసి ఒళ్లు సన్నగా చెక్కాడు, దాంతో మనిషి పొడుగ్గా కనిపించాడు. ఎనిమిది తలల మనిషి చూడ్డానికి హుందాగా ఉంటాడు, లెక్కకి సులువు కూడా, గడ్డం నుంచి పాదాల దాకా గీతలు చక్కగా పడతాయి. అందుకే డ్రాయింగ్ పాఠాల్లో ఎక్కువగా అదే చెబుతారు. హీరోని వేస్తే ఎనిమిది వాడండి, తప్పులేదు. మీ తాతయ్యని వేసేటప్పుడు మాత్రం వద్దు.

విట్రూవియస్ మాటల ఆధారంగానే లియొనార్డో డా విన్సీ 1490 ప్రాంతంలో ఆ చక్రంలో, చదరంలో చేతులు చాపి నిలబడ్డ మనిషి బొమ్మ వేశాడు. అందరూ చూసే ఉంటారు, అది వెనిస్‌లో ఉంది. ఆ బొమ్మలో నాకు బాగా నచ్చిన సంగతి ఒకటి చెబుతాను. పాదం పొడుగు ఎత్తులో ఆరో వంతు అని విట్రూవియస్ అన్నాడు. లియొనార్డో బొమ్మ కింద రాసుకున్న రాతలో మాత్రం ఏడో వంతు అని ఉంది. అంత పెద్ద పేరున్న గ్రంథం చెప్పిన అంకెని మార్చేశాడు. మరి మన బాబు పాదం ఎంత? ఇందాకే కొలిచి పెట్టుకున్నా, ఇరవై అయిదు సెంటీమీటర్లు. నూట అరవై అయిదుని ఇరవై అయిదుతో భాగిస్తే ఆరు పాయింటు ఆరు. ఇద్దరికీ మధ్యలో పడ్డాడు మనవాడు! చక్రానికీ చదరానికీ ఒకే కేంద్రం పెట్టలేదు లియొనార్డో, అది కూడా గమనించండి. చక్రానికి మధ్య బొడ్డు. చదరానికి మధ్య ఇందాక మనం చూసిన చోటే, పొత్తికడుపు కింద.

ఇక మన దగ్గరి లెక్కకి వద్దాం. దీని మీద కొంచెం ఎక్కువసేపు మాట్లాడతాను, ఎందుకంటే దీన్ని సరిగా చెప్పేవాళ్లు తక్కువ. మన శిల్పశాస్త్రాల్లో తాళమానం అని ఉంది. నవతాళం, దశతాళం అనే మాటలు వినే ఉంటారు. నవతాళం అంటే తొమ్మిది కదా, "మనవాళ్లు తొమ్మిది తలల మనుషుల్ని చెక్కారు, చూశారా ఎంత పొడుగో" అని సోషల్ మీడియాలో రాసేస్తుంటారు. అక్కడ పొరపాటు ఉంది. తాళం అంటే మొత్తం తల పొడుగు అనుకోకూడదు. నుదుటి మీద జుట్టు మొదలయ్యే చోటు నుంచి గడ్డం దాకా, అంటే మొహం ఒక్కటే. దాన్ని పన్నెండు అంగుళాలుగా పంచుతారు. ఇది దర్జీ టేపు మీది అంగుళం కాదు, మళ్లీ చెబుతాను.

నవతాళంలో మొత్తం 108 అంగుళాలు. బాగా తెలిసిన పంపకం ఒకటి రాసుకోండి. మొహం 12. మెడ 4. మెడ నుంచి గుండెల దాకా 12. అక్కణ్నుంచి బొడ్డు దాకా 12. బొడ్డు నుంచి పొత్తికడుపు చివర దాకా 12. తొడ 24. మోకాలు 4. పిక్క భాగం 24. పాదం ఎత్తు 4. కూడండి. 108 వచ్చిందా? ఇందులో జుట్టు మొదలు నుంచి నడినెత్తి దాకా ఉండే భాగం లెక్కలోకి రాలేదు. దానికి మూడు నాలుగు అంగుళాలు విడిగా వెయ్యాలి. అంటే మొత్తం తల పదిహేనో పదహారో అంగుళాలు, మొత్తం ఎత్తు 111 లేదా 112. ఇప్పుడు భాగించండి. ఏడు నుంచి ఏడున్నర మధ్యలో వస్తుంది!

అంటే తొమ్మిది తాళాల మనిషీ, ఈ గోడకి ఆనుకుని నిలబడ్డ మన ఏడున్నర తలల బాబూ ఇంచుమించు ఒకటే. ఇద్దరు వేరువేరు స్కేళ్లు పట్టుకున్నారు, అంతే. ఈజిప్టువాళ్లు కూడా గోడ మీద గళ్లు గీసుకుని మనిషిని వేసేటప్పుడు అరికాలి నుంచి నుదుటి జుట్టు దాకానే పద్దెనిమిది గళ్లు పెట్టుకున్నారు. పైన కిరీటాలు, విగ్గులు ఎత్తు మారుతూ ఉంటాయి కాబట్టి అక్కడ ఆపితే సుఖం. మన దేవుళ్ల కిరీటాలకీ అదే ఇబ్బంది కదా.

అంగుళం సంగతి చెబుతానన్నాను. గుడి, విగ్రహాల పద్ధతులు చెప్పే ఆగమాల్లో దేహలబ్ధాంగుళం అని ఉంది. విగ్రహం మొత్తం ఎత్తుని 108కో 120కో 124కో భాగిస్తే వచ్చేది ఒక అంగుళం. విగ్రహం జానెడే ఉండనీ, ఇరవై అడుగులే ఉండనీ, దాని అంగుళం దానిదే. ఆళ్లగడ్డ వైపు వెళ్తే గుడి విగ్రహాలు చెక్కేవాళ్ల పని దగ్గర కాసేపు నిలబడండి. రాయి మీద ముందు పడేది కళ్లూ ముక్కూ కాదు, గీతలు. నేను పొద్దుటి నుంచీ "ఆ మనిషిని ఆ మనిషితోనే కొలవండి" అంటున్నది ఇదే లెక్క. బయటి నుంచి తెచ్చిన స్కేలుతో మనకి పనిలేదు.

ఇంకో సంగతి కూడా చూడండి. పాతవాళ్లెవరూ అందరికీ ఒకే అచ్చు అనలేదు. విష్ణుధర్మోత్తర పురాణంలో బొమ్మలు వేసే పద్ధతి చెప్పే భాగం, చిత్రసూత్రం, మగవాళ్లని అయిదు రకాలుగా చెప్పింది. హంస, భద్ర, మాలవ్య, రుచక, శశక. హంసకి 108 అంగుళాలు, అక్కణ్నుంచి తగ్గుకుంటూ శశకకి 90. విగ్రహాల్లో గొప్ప దేవతలకి దశతాళం, వినాయకుడికి పంచతాళం. జర్మనీలో డ్యూరర్ అనే చిత్రకారుడు మనిషి కొలతల మీద నాలుగు భాగాల పుస్తకం రాశాడు, 1528లో ఆయన చనిపోయిన కొన్ని నెలలకే అచ్చయింది. అందులోనూ ఒకే ఆదర్శ పురుషుడు లేడు. మోటుగా, గట్టిగా ఉండే ఒళ్లు దగ్గర్నుంచి సన్నగా పొడుగ్గా ఉండేవాళ్ల దాకా, ఆడా మగా, చంటిపిల్లలతో సహా ఉన్నారు. ఒకే కొలతని పట్టుకుని వేలాడేది మనమే.

సరే, లేవండి అందరూ. కాళ్లు తిమ్మిరెక్కి ఉంటాయి. ఇప్పుడు మీ ఒంటి మీదే చూసుకోండి. చేతులు కిందకి వదిలెయ్యండి. మోచెయ్యి ఎక్కడుంది? నడుము దగ్గర. మణికట్టు? తుంటి పక్కన, తొడ మొదలయ్యే చోట. వేళ్ల చివర్లు తొడ మధ్యకి. ఇప్పుడు అరచెయ్యి మొహానికి ఆనించండి, మణికట్టు గడ్డం దగ్గర పెట్టి. నడివేలు నుదుటి మీదకి ఎక్కింది కదా, కొందరికి జుట్టు దాకా కూడా. ఇంత పెద్ద చెయ్యి ఉండగా మీ బొమ్మల్లో అరచేతులు బుగ్గంత కూడా లేవు. పాదం కూడా చూడండి, సిగ్గుపడకండి. కింద కూర్చుని ముంజేతి పక్కన పెట్టుకోండి, మోచేతి మడత నుంచి మణికట్టు దాకా. దాదాపు సమానం. మన దేశంలో చెప్పులు విప్పిన పాదాలే బొమ్మల్లో ఎక్కువ వేస్తాం, అవి సరిగా లేకపోతే మనిషి నేల మీద నిలబడడు.

లావూ సన్నం సంగతికి వస్తే, కండా కొవ్వూ మారతాయి గానీ చర్మం కిందే ఉండే ఎముకలు కొన్ని ఎవరి ఒంట్లోనైనా దొరుకుతాయి. గొంతు గుంట, మెడ కింద రెండు వైపులా ఉండే కాలర్ బోన్, మోచేతి మొన, తుంటి ముందు భాగంలో పొడుచుకొచ్చే ఎముక, మోకాలి చిప్ప, చీలమండ. నేను వేసేటప్పుడు ముందు వీటినే వెతుక్కుంటాను. గొంతు గుంట నుంచి కిందకి దారం వేలాడదీసినట్టు ఒక నిలువు గీత ఊహించుకోండి. ఒంటికాలి మీద బరువేసి నిలబడ్డ మనిషిలో ఆ గీత ఆ కాలి పాదం దగ్గరే పడుతుంది. పడకపోతే మీ బొమ్మ పడిపోతూ ఉంటుంది, కొలతలన్నీ సరిగా ఉన్నా సరే. గుళ్లో త్రిభంగిలో, అంటే ఒళ్లు మూడు చోట్ల వంచి నిలబడ్డ విగ్రహాలని చూడండి. బరువు మోసే కాలి వైపు తుంటి పైకి లేస్తుంది, ఆ వైపు భుజం కిందకి దిగుతుంది. నడుముకి అటువైపు మడత, ఇటువైపు సాగు. ఒక వైపు పొట్టి, ఇంకో వైపు పొడుగు. నిటారు మనిషి కొలతలు తెచ్చి ఇక్కడ పెట్టారా, అయిపోయింది.

పెన్సిల్‌తో కొలవడం మీ అందరికీ తెలుసు, సినిమాల్లో ఆర్టిస్ట్ ఒక కన్ను మూసుకుని చేసే పని. తెలిసినా తప్పుగా చేస్తారు. మోచెయ్యి వంగకూడదు, బిగించి చాపాలి. ప్రతిసారీ అంతే చాపాలి. ఒకసారి వంచి, ఒకసారి చాపి కొలిస్తే రెండు కొలతలకీ సంబంధం ఉండదు. పెన్సిల్‌ని ఎదురుగా ఉన్న మోడల్ వైపు వాల్చకూడదు. మీ చూపుకి అడ్డంగా, కిటికీ అద్దం మీద ఆనించినట్టు ఉండాలి. బొటనవేలితో తల పొడుగు పట్టుకుని, కిందకి దించుకుంటూ లెక్కపెట్టండి. మోడల్‌కి మరీ దగ్గరగా కూర్చోకండి. మనిషి ఎత్తుకి రెండు మూడు రెట్ల దూరం ఉంటే మొత్తం ఒక్క చూపులో పడుతుంది.

మనలో చాలామందికి కింద కూర్చుని, అట్ట ఒళ్లో పెట్టుకుని వేసే అలవాటు. దాంతో ఒక చిక్కుంది. కాగితం పడుకుని ఉంటే పై అంచు మీకు దూరం, కింది అంచు దగ్గర. పై నుంచి కిందకి కాగితం కుదించుకుపోయినట్టు కనిపిస్తుంది. ఆ లోటు పూడ్చడానికి మీకు తెలీకుండానే బొమ్మని నిలువునా సాగదీస్తారు. అట్ట తీసి గోడకి నిలబెట్టి చూస్తే "ఇంత పొడుగెలా వచ్చాడు వీడు" అని ఆశ్చర్యపోతారు. అట్ట కింద ఇటుకో, పాత పుస్తకాలో పెట్టి వాలుగా నిలబెట్టుకోండి. ఖర్చు లేని పని. మధ్యమధ్యలో లేచి నాలుగు అడుగులు వెనక్కి వెళ్లి చూడండి. అద్దంలో చూడండి. అద్దంలో తప్పు వెంటనే దొరికిపోతుంది.

పిల్లల బొమ్మల గురించి రెండు మాటలు. అప్పుడే పుట్టిన పాప నాలుగు తలలు. రెండు మూడేళ్లకి అయిదు తలల దగ్గర, ఆరేడేళ్లకి ఆరు, పదకొండు పన్నెండేళ్లకి ఏడు, ఇలా పెరుగుతారు. తల కొంచెమే పెరుగుతుంది, కాళ్లు బాగా పెరుగుతాయి. పెద్దమనిషిని చిన్నది చేసి వేస్తే పిల్లాడు అవ్వడు, మరుగుజ్జు అవుతాడు. మొహంలో కూడా చిన్నపిల్లలకి కళ్లు తల మధ్యకి కాస్త కింద ఉంటాయి. కళ్లూ ముక్కూ నోరూ అన్నీ కింది సగంలో ఇరుక్కుని ఉంటాయి, పైన అంతా నుదురే. మెడ సన్నం. పాత కేలండర్లలో కొన్ని బాలకృష్ణుళ్లు చూడండి, ఎవరో పెద్దాయన వెన్న తింటున్నట్టు ఉంటారు.

(నవ్వులు)

బట్టల సంగతికి వద్దాం. మన దగ్గర మోడల్ అంటే చీరో, పంచో, లుంగీయో. చీరలో కాళ్లు కనపడవు కాబట్టి నడుము కింద ఒక గంట ఆకారం వేసి కుచ్చిళ్ల గీతలు లాగేస్తారు. ఆవిడకి మోకాళ్లు లేవా? ముందు పల్చటి గీతతో లోపలి ఒళ్లు వేసుకోండి. సగం గుర్తు, మోకాలి గుర్తు, పాదాలు. ఆ తర్వాత చీర కట్టండి. ఒక మోకాలు వంచి నిలబడ్డ ఆవిడలో ఆ మోకాలి దగ్గర బట్ట బిగుసుకుని నున్నగా ఉంటుంది, మడతలు అక్కణ్నుంచి కిందకి మొదలవుతాయి. పైట భుజం మీద ఉన్న చోట ఒక్కోసారి భుజం ఎత్తు పెరిగినట్టు కనిపిస్తుంది, మోసపోకండి. పంచె పైకి ఎత్తి కట్టిన రైతుని వేసే అవకాశం వస్తే వదులుకోకండి. మోకాలు, పిక్క, చీలమండ అన్నీ ఉచితంగా చూపిస్తాడు.

ఇప్పుడు ఫోన్. మీలో సగం మంది ఫోన్లో ఫోటో చూసి వేస్తారని నాకు తెలుసు. ఒద్దంటే మానరు కాబట్టి ఎలా వెయ్యాలో చెబుతా. ఫోన్ కెమెరాకి వెడల్పాటి లెన్సు ఉంటుంది. మనిషంతా పట్టాలని మరీ దగ్గర నుంచి మొహం ఎత్తున పెట్టి తీస్తే, దగ్గరున్న తల పెద్దది, దూరమైన పాదాలు చిన్నవి అయిపోతాయి. అసలే మన మనసుకి తల మీద పక్షపాతం, దానికి ఫోన్ తోడయిందంటే ఇక చూడక్కర్లేదు. పెళ్లిలో ఫోటోగ్రాఫర్ పెళ్లికొడుకుని తీసేటప్పుడు మోకాళ్ల మీద ఎందుకు కూర్చుంటాడో గమనించారా? కింద నుంచి తీస్తే కాళ్లు పొడుగొస్తాయి, మనిషి హుందాగా కనిపిస్తాడు. మీరు ఫోటో చూసే వేస్తామంటే పది పన్నెండు అడుగులు వెనక్కి వెళ్లి, ఫోన్ బొడ్డు ఎత్తున పట్టుకుని, జూమ్ చేసి తియ్యండి. సెల్ఫీ చూసి పోర్ట్రెయిట్ వేసి, ముక్కు పెద్దదైందని నా దగ్గరికి రాకండి.

కావాలని కొలత మార్చడం వేరే విద్య. అమరావతి శిల్పాల్లో మనుషులు ఎంత సన్నగా, ఎంత పొడుగాటి కాళ్లతో ఉంటారో చూడండి. బాపు గారి బొమ్మలో అంత పెద్ద కళ్లు ఏ ఆడపిల్లకీ ఉండవు, అయినా చూడగానే మన పక్కింటి అమ్మాయే అనిపిస్తుంది. కళ్లు ఎంత పెంచినా ఆ మనిషి నిలబడ్డ తీరు, మెడ తిప్పిన తీరు, చెయ్యి నడుం మీద పెట్టిన చోటు తప్పవు. దేన్ని పెంచుతున్నారో తెలిసి పెంచారు. మిలాన్‌లో మాంటెన్యా అనే ఇటలీ చిత్రకారుడు వేసిన బొమ్మ ఒకటుంది, క్రీస్తు భౌతికకాయం పాదాలు మనవైపు పెట్టి పడుకుని ఉంటుంది. కంటికి కనపడినట్టే వేస్తే పాదాలు ఎంత పెద్దవవ్వాలంటే ఒళ్లంతా కప్పేస్తాయి. అందుకని ఆయన పాదాలు తగ్గించాడు. కొలత తెలిసినవాడే అలా తగ్గించగలడు. రాజమండ్రి వెళ్తే చిత్రకారుడు దామెర్ల రామారావు గారి పేరుతో ఉన్న ఆర్ట్ గ్యాలరీ చూడండి. బొంబాయి జె.జె. ఆర్ట్ స్కూల్లో చదువుకున్న మనిషి, 1897లో పుట్టి 1925లోనే పోయారు, ముప్పై ఏళ్లు కూడా నిండలేదు. రంగుల బొమ్మల దగ్గరే ఆగిపోకండి, ఆయన స్కెచ్‌ల దగ్గర ఎక్కువసేపు నిలబడండి.

ప్రశ్నలుంటే అడగండి. ఆ అమ్మాయి.

(ప్రశ్న: "సార్, నేను కామిక్ వేస్తున్నాను. నా హీరో ప్రతి పేజీలో వేరే మనిషిలా వస్తున్నాడు.")

మంచి ప్రశ్నమ్మా. నువ్వు బహుశా వాడి మొహం ఒక్కటే గుర్తుపెట్టుకున్నావు. యానిమేషన్‌లో మోడల్ షీట్ అని చేస్తారు. ఒకే పాత్రని ముందు నుంచి, పక్క నుంచి, వెనక నుంచి నిలబెట్టి, అందరి మీదుగా అడ్డ గీతలు లాగుతారు, తల, భుజం, నడుము, మోకాలు అన్నీ ఒకే మట్టంలో ఉండేలా. నీ హీరో ఆరు తలలు అనుకుంటే అన్ని పేజీల్లో ఆరే. పక్కన వాడి తమ్ముడు అయిదు అనుకుంటే వాడు హీరోకి ఎంతవరకు వస్తాడో ఒక్కసారి తేల్చి గోడకి అంటించుకో. రెండు, మూడు తలల పాత్రలైనా ఫర్వాలేదు, చిన్నపిల్లల కార్టూన్లలో అలానే ఉంటాయి. అంకె నీ ఇష్టం, మధ్యలో మార్చకూడదు.

అక్కడ, కుర్చీలో అమ్మగారు.

(ప్రశ్న: "మా బాబుకి ఆరేళ్లు. వాడికి కూడా ఇప్పుడే ఈ కొలతలు నేర్పించమంటారా?")

వద్దండీ. దయచేసి వద్దు. ఆరేళ్లవాడు పెద్ద తలకి నేరుగా కాళ్లు తగిలించి "ఇది అమ్మ" అంటే అది అమ్మే. పదేళ్లు దాటాక "నా బొమ్మ నిజంగా లేదేంటి" అని వాడే విసుక్కుంటాడు. అప్పుడు తీసుకురండి.

(ప్రశ్న: "మాస్టారూ, నిలబడ్డవాళ్ల గురించే చెప్పారు. కూర్చున్న మనిషికి ఎన్ని తలలు?")

మీరు అడుగుతారనే కూర్చునే మోడల్‌ని పిలిచాం. ఆ స్టూలు ఇలా వెయ్యండి. మామూలు పెద్దవాళ్లు నిటారుగా కూర్చుంటే పిరుదుల దగ్గర్నుంచి నడినెత్తి దాకా దాదాపు నాలుగు తలలు వస్తుంది. కింద బాసింపట్టు వేసుకుని కూర్చున్నా అంతే, నేల నుంచి నాలుగు. అయితే ముందుకు వంగితే తగ్గిపోతుంది, కాబట్టి ఆ నాలుగుని నమ్మకుండా పెన్సిల్ చాపి కొలవండి. మోకాళ్లు మీవైపు ఉంటే తొడ పొడుగు కుదించుకుపోతుంది. తొడ ఇంత ఉండాలి కదా అని లెక్క వేసుకోకండి, కళ్లకి ఎంత కనపడితే అంతే వెయ్యండి. తల నుంచి మోకాలికి ఎంత, మోకాలి నుంచి మడమకి ఎంత, ఈ రెండూ ముందు చూసుకోండి.

అమ్మగారు వచ్చారు, రండమ్మా, ఇలా కూర్చోండి. ఫ్యాన్ కొంచెం తగ్గించండి బాబూ, పైట ఎగురుతోంది. అట్టలు నిలబెట్టుకోండి. మొదటి పోజు అయిదు నిమిషాలు, కళ్లూ ముక్కూ వద్దు, గుర్తులు మాత్రమే. మొదలుపెట్టండి.